ఇరుకు ఇంట్లో కప్పు కింద ఏసీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: గోడ మీద చోటు లేని ఇంట్లో కప్పులోనే అమర్చే ఏసీని ఎలా ఎంచుకోవాలి? వాటిలో బరంపురం ఉత్తరం కొలతలన్నీ ఇచ్చి రాసినది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: బరంపురం పాత ఊరిలో మాది రెండు వైపులా పక్క ఇళ్ల గోడలను ఆనుకొని ఉన్న పొడుగాటి ఇల్లు. ఒక పక్కన మూడున్నర అడుగుల వెడల్పు నడవ వీధి వైపు నుంచి పెరటి దాకా సాగుతుంది. దానికి ఆనుకొని వరుసగా రెండు పడక గదులు ఉన్నాయి. ముందు గది 10 అడుగులకు 12 అడుగులు, వెనక గది 10 అడుగులకు 11 అడుగులు. ముందు గదిలో మా అత్తగారు, మామగారు పడుకుంటారు. వెనక గది మాది. గదుల తలుపులు రెండూ నడవలోకే తెరుచుకుంటాయి. గోడలకు కప్పు దాకా అల్మారాలు కట్టించుకున్నందువల్ల తలుపు పైన 3 అడుగుల వెడల్పు చోటు తప్ప మరెక్కడా ఖాళీ లేదు. స్లాబ్ ఎత్తు 9 అడుగుల 8 అంగుళాలు. రెండు గదుల మధ్య నడవకు అడ్డంగా ఒక బీమ్ ఉంది. దాని అడుగు భాగం నేల నుంచి 8 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉంది. మా పైన మరో అంతస్తు లేదు. నడవలో ఫాల్స్ సీలింగ్ వేసి, 2 టన్నుల డక్ట్ ఏసీ ఒకటి పెట్టి రెండు గదులకూ గాలి పంచవచ్చని దుకాణంవారు చెబుతున్నారు. నడవ మరీ సొరంగంలా అయిపోతుందేమోనని మామగారి భయం. ఏమి చేయమంటారు? — ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: మీ మామగారి భయం సహేతుకమైనదే. ముందుగా దుకాణంవారి సలహానే మీ కొలతలతో సరిచూద్దాము. రెండు గదులకూ కలిపి 2 టన్నులు అనే లెక్కలో తప్పు లేదు. పైకప్పు నేరుగా ఎండకు కాగే చోట 110, 120 చదరపు అడుగుల గదికి ఒక్కొక్క టన్ను సబబే. చిక్కంతా గాలి గొట్టంతో, అంటే డక్ట్‌తో వస్తుంది. ఒక టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి తిరగాలి. అంత గాలిని రొద లేకుండా ముందు గదికి చేర్చాలంటే 14 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు గల డక్ట్ కావాలి. మీ ప్రాంతపు ఉక్కపోతలో డక్ట్ బయటి వైపు చెమటలు పట్టకుండా ఉండాలంటే చుట్టూ అంగుళం మందాన ఇన్సులేషన్ తప్పదు. అంటే 8 అంగుళాలు. బీమ్ అడుగు 8 అడుగుల 8 అంగుళాల వద్ద ఉంది కాబట్టి డక్ట్ అడుగు 8 అడుగులకు దిగుతుంది. దాని కింద ఫ్రేము, జిప్సం బోర్డు కలిపి అంగుళంన్నర పోతే మిగిలేది 7 అడుగుల పదిన్నర అంగుళాలు. ఏసీ గదులలో నేల నుంచి డక్ట్ లేదా ఫాల్స్ సీలింగ్ అడుగు వరకు నేషనల్ బిల్డింగ్ కోడ్ కోరే కనీస ఎత్తు 2.4 మీటర్లు, అది కూడా సరిగ్గా ఇంతే. మూడున్నర అడుగుల నడవకు ఆ ఎత్తు ఏ మాత్రం హాయిగా ఉండదు. రేపు పాత గచ్చు మీద టైల్స్ పరిపిస్తే ఆ కొలత కూడా తగ్గిపోతుంది. ఆ బీమ్‌కు రంధ్రం చేసి డక్ట్‌ను అందులోంచి పంపుదామని ఎవరైనా అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. ఇంటి బరువు మోసే బీమ్‌ను ఇంజనీరు అనుమతి లేకుండా తొలవకూడదు.

ఇంకో రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఇళ్ల కోసం తయారయ్యే పలుచని కప్పు యూనిట్లలో ఫ్యాను గాలిని నెట్టే బలం చాలా తక్కువ. కేటలాగులో దానిని పాస్కల్ అనే కొలతలో ఇస్తారు. ఈ తరగతి యూనిట్లకు సాధారణంగా అది 10 నుంచి 50 లోపు ఉంటుంది. 30 పాస్కల్ అంటే మూడు మిల్లీమీటర్ల నీటి మట్టాన్ని ఎత్తగలిగినంత ఒత్తిడి మాత్రమే. ఫిల్టర్‌కూ జాలీలకూ అందులో కొంత ఖర్చయ్యాక, పొడుగాటి డక్ట్‌నూ రెండు మూడు మలుపులనూ దాటి ముందు గదికి చేరే గాలి నీరసంగానే ఉంటుంది. యూనిట్‌కు దగ్గరలో ఉన్న వెనక గది మాత్రం గడ్డకట్టినట్టు చల్లబడుతుంది. రెండో అభ్యంతరం ఇంటి మనుషులకు సంబంధించినది. రెండు గదులకూ ఒకే రిమోట్ అయితే పెద్దవారికి 27 డిగ్రీలు, మీకు 24 డిగ్రీలు కావాలనుకున్న రాత్రి ఎవరో ఒకరు సర్దుకోవలసిందే. పెద్ద వయసువారు ఉన్న ఇంట్లో ఈ విషయాన్ని నేను చిన్నదిగా చూడలేను.

కాబట్టి 2 టన్నులది ఒకటి కాకుండా, ఒక్కో టన్ను సామర్థ్యం గల పలుచని కప్పు యూనిట్లు రెండు తీసుకోండి. ఒక్కొక్క గది తలుపుకు ఎదురుగా నడవ కప్పులో ఒక్కొక్కటి అమర్చి, తలుపు పైనున్న ఆ 3 అడుగుల చోటులో గోడకు రంధ్రం చేయించి గాలిని నేరుగా గదిలోకి వదలండి. ఈ తరగతి యూనిట్లు సుమారు 8 అంగుళాల ఎత్తులో, 28 నుంచి 30 అంగుళాల పొడవులో, గాలి సాగే దిశగా 18 నుంచి 25 అంగుళాల లోతులో దొరుకుతాయి. పొడవు వైపు నడవ వెంబడి ఉండేలా వేలాడదీస్తే మీ 42 అంగుళాల వెడల్పులో వెనక వైపు ఒకటిన్నర అడుగుల దాకా మిగులుతుంది. గాలి లోపలికి పోవడానికి అది చాలు. ఇదే యూనిట్‌ను నడవకు అడ్డంగా పెడితే సర్క్యూట్ పెట్టె ఉన్న వైపు మెకానిక్ చెయ్యి దూరదు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. బిగించిన రోజు చక్కగా ఇమిడినట్టు కనిపించే యూనిట్‌ను మొదటి మరమ్మతుకే సీలింగ్ పగలగొట్టి దింపవలసి వస్తుంది. ఏసీ దుకాణానికి వెళ్లినప్పుడు యూనిట్ కొలతలు మాత్రమే అడిగి వచ్చేయకండి. ఏ పక్కన ఎన్ని అంగుళాలు ఖాళీ వదలాలో చూపే బొమ్మ దాని ఇన్‌స్టలేషన్ పుస్తకంలో ఉంటుంది, దానిని చూపించమనండి.

గోడకు పెట్టే మామూలు స్ప్లిట్ గురించి మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. ఒక టన్ను స్ప్లిట్ పొడవు సుమారు 32 నుంచి 36 అంగుళాలు, రెండు పక్కలా కొంత ఖాళీ కావాలి. అందుకే మీ తలుపు పైన అది పట్టదు. ఒక అల్మారాను ఒక అడుగు కుదించుకోవడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే మాత్రం ఖర్చులోనూ, శుభ్రం చేసుకునే సౌలభ్యంలోనూ స్ప్లిట్టే మేలు. కప్పు యూనిట్ చోటు లేనివారి కోసం ఉన్నది. అందం కోసమే అయితే ఆ అందానికి ప్రతి సర్వీసులోనూ మూల్యం చెల్లించాలి.

ఇక నీటి సంగతికి వస్తాను. ఇరుకు ఇంట్లో యూనిట్ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది అదే. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ. ఉక్కపోత రాత్రుల్లో టన్ను యూనిట్ గంటకు లీటరు దాకా నీరు వదులుతుంది. రెండు యూనిట్లు ఎనిమిది గంటలు నడిస్తే ఒక బకెట్ నిండుతుంది. ఆ నీరు పెరట్లోకి తనంతట తాను జారిపోవాలంటే డ్రెయిన్ పైపుకు ప్రతి 100 అంగుళాలకు కనీసం ఒక అంగుళం వాలు ఉండాలి. ముందు గది యూనిట్ నుంచి పెరటికి 24 అడుగులు అనుకుంటే 288 అంగుళాలు. అంటే దాదాపు 3 అంగుళాల వాలు. మీ కొలతల్లో నాకు సంతోషం కలిగించిన చోటు ఇక్కడే ఉంది. స్లాబ్ కింద అంగుళం వదిలి యూనిట్‌ను వేలాడదీస్తే దాని అడుగు 8 అడుగుల 11 అంగుళాల వద్ద, నీరు బయటకు వచ్చే మూతి ఇంచుమించు 9 అడుగుల 1 అంగుళం వద్ద ఉంటాయి. బీమ్ కిందుగా పోవడానికి పైపు ఎలాగూ 8 అడుగుల 6 అంగుళాలకు దిగాలి. అక్కడి నుంచి పెరటి గోడ దాకా మిగిలిన 14 అడుగులకు 2 అంగుళాలు దిగితే 8 అడుగుల 4 అంగుళాల వద్ద బయటపడుతుంది. పైపు సగం మందం, దానికి చుట్టిన రబ్బరు ఇన్సులేషన్, ఫ్రేము, బోర్డు అన్నీ కలిపి మరో 3 అంగుళాలు తీసేస్తే మీ నడవ సీలింగ్ 8 అడుగుల 1 అంగుళం వద్ద నిలుస్తుంది. డక్ట్ పథకంలో కంటే రెండున్నర అంగుళాలు ఎక్కువ ఎత్తు దక్కుతుంది; ఏ పంపూ లేకుండా నీరు పోతుంది; గదుల్లో సీలింగే అక్కర్లేదు. నడవంతా ఒకే ఎత్తున సీలింగ్ వేయించనవసరం కూడా లేదు. పైపు ఒక గోడ పక్కగానే పోతుంది కనుక ఆ గోడ వెంట అడుగు వెడల్పు పెట్టెలా దింపి, యూనిట్లు లేని చోట మిగతా భాగాన్ని పైనే ఉంచమని మేస్త్రీకి చెప్పండి. నడవ విశాలంగానే కనిపిస్తుంది.

వాలును కంటి అంచనాతో వదిలేయనివ్వకండి. మేస్త్రీ రసమట్టం పెట్టి చూపాలి. పైపు మధ్యలో వేలాడిపోకుండా ప్రతి మూడు నాలుగు అడుగులకూ క్లాంపు ఉండాలి. సీలింగ్ బోర్డు బిగించకముందే, ముందు గది యూనిట్ ట్రేలో మగ్గుతో నిదానంగా రెండు లీటర్ల నీరు పోసి, పెరట్లో పైపు చివర చెంబు పట్టి, పోసినదంతా వచ్చిందో లేదో మీరే చూసుకోండి. ట్రేలో అడుగున మిగిలే కొద్దిపాటి తడి తప్ప మిగతా నీరంతా రావాలి. పైపు చివరను మురుగు గొట్టంలోకి నేరుగా బిగించవద్దు. జాలీ మూత మీద పడేలా నాలుగు వేళ్ల ఎత్తున వదిలేయండి, లేకపోతే మురుగు వాసన ఎదురెక్కి పడక గదిలోకి వస్తుంది. ప్రతి యూనిట్ కింద జింకు పూత రేకుతో రెండో ట్రే ఒకటి పెట్టించి, దాని సన్నని గొట్టాన్ని నడవ చివర అందరికీ కనబడే చోట వదిలించండి. మామూలు రోజుల్లో అది పొడిగా ఉంటుంది. దానిలోంచి చుక్క పడిన రోజు మొదటి ట్రే పూడుకుపోయిందని తెలుస్తుంది. జిప్సం బోర్డు తడిసి మచ్చలు పడే దాకా ఎదురుచూడనవసరం ఉండదు.

గాలి తిరిగి వచ్చే దారి గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు. యూనిట్ గదిలోకి 400 ఘనపుటడుగుల గాలి నెడితే అంతే గాలి గదిలోంచి నడవలోకి రావాలి. తలుపు మూసి పడుకుంటే అది ఎటు నుంచి వస్తుంది? తలుపు కింద అంగుళం సందు ఉంటే చాలని చెబుతారు. మీ తలుపు 33 అంగుళాల వెడల్పు అనుకుంటే ఆ సందు పావు చదరపు అడుగు కూడా కాదు. గాలి అందులోంచి నిమిషానికి 1,700 అడుగుల వేగంతో ఈల వేసుకుంటూ పోవాలి. పోలేనిది గదిలోనే ఆగిపోతుంది, యూనిట్ మాత్రం పెరటి వైపు సందుల్లోంచి వేడి గాలిని లాక్కుంటుంది. అందుచేత ప్రతి తలుపు కింది భాగంలో 24 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గల చెక్క జాలీ పెట్టించండి. పట్టీలను వంపుగా అమర్చితే అవతలి వైపు ఏమీ కనిపించదు. చల్లని గాలి నేల దాకా దిగి జాలీలోంచి నడవలోకి వెళుతుంది కనుక గది అంతా సమంగా చల్లబడుతుంది. గదిలోకి గాలి వదిలే జాలీ మాత్రం 28 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తున ఉండి, పట్టీలు గాలిని ఎదుటి గోడ వైపు నేరుగా విసిరేలా ఉండాలి. మామగారి మంచం తల వైపు ఆ విసురు తగలకుండా ముందుగా మంచం చోటు నిర్ణయించుకోండి. ఆ గోడ పాతదైతే రంధ్రం చేసే ముందు తలుపు పైన ఉన్నది కాంక్రీటు లింటెలో, చెక్క దూలమో, ఇటుక కమానో మేస్త్రీతో చూపించుకోండి. కమాను అయితే దానికి పైనే తొలవాలి, దాని మీద సుత్తి పడకూడదు.

నడవలో సీలింగ్‌కు గాలి లాగే జాలీలు 30 అంగుళాలు, 16 అంగుళాల కొలతలో, ఒక వైపు కీళ్లతో కిందికి తెరుచుకునేవి తీసుకోండి. ఫిల్టర్ ఆ జాలీకే అమరి ఉంటే స్టూలు వేసుకొని మీరే దింపి కడుక్కోవచ్చు. మార్చి నుంచి వర్షాకాలం చివరి దాకా పదిహేను రోజులకు ఒకసారి కడగడం మంచిది. దీనికి తోడు యూనిట్ సరిగ్గా కింద, మోటారూ ట్రే దిగేటంత మూత ఒకటి విడిగా ఉండాలి. మీ నడవ పెరటిలోకి తెరుచుకుంటుంది కనుక ఆ చివర తలుపు, స్నానాల గది తలుపు, వంటగది తలుపు రాత్రివేళ మూసి ఉంచడం అవసరం. వంటగదిలోని తాలింపు పొగను ఈ యూనిట్ లాక్కుంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట అయిన కాయిల్ రెక్కల మధ్య నూనె జిడ్డు పేరుకుంటుంది, అది బ్రష్‌తో వదలదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. యూనిట్‌ను స్లాబ్‌లోకి దించిన యాంకర్ ఫాస్టెనర్లకు, నాలుగు 10 మిల్లీమీటర్ల మర రాడ్లతో, మధ్యలో రబ్బరు బుష్‌లు పెట్టి వేలాడదీయాలి. సీలింగ్ ఫ్రేముకు దాని బరువు ఒక్క కిలో కూడా పడకూడదు. రెండింటికీ వేర్వేరు లైన్లు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, వేర్వేరు ఎంసీబీలు (లోపం వస్తే కరెంటును ఆపే స్విచ్‌లు), మంచి ఎర్తింగ్ ఉండాలి. బయటి యూనిట్లను మేడ మీద పెడితే సిమెంటు దిమ్మెకు బోల్టులతో గట్టిగా బిగించండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మీకు పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గర; ఇటుకల మీద ఊరికే నిలిపిన పెట్టె అటువంటి గాలికి నిలవదు. ఉప్పుగాలి దృష్ట్యా బయటి కాయిల్ రాగిదై, రెక్కలకు తుప్పు నిరోధించే పూత ఉండేలా చూసుకోండి. వీటన్నిటి కంటే ముందు మేడ మీద తెల్లని చలువ పూత వేయించగలిగితే ఈ ఒక్కో టన్ను యూనిట్లు మే నెలలో కూడా తేలికగా నడుస్తాయి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది పాత పెంకుటిల్లు. పడక గదికి పైన చెక్క అటక ఉంది. అటక మీద ఏసీ యూనిట్ పెట్టి కింద జాలీలు మాత్రమే కనిపించేలా చేయవచ్చా? దూలాలకు వేలాడదీయవచ్చునని మా మరిది అంటున్నాడు. — గజపతి జిల్లా పాఠకురాలు

సమాధానం: చేయవచ్చు, కానీ దూలాలకు వద్దు. యూనిట్, నీటితో నిండిన ట్రే, ఇన్సులేషన్ కలిపి 30 కిలోల దాకా ఉండవచ్చు. బరువు కంటే ఎడతెగని కంపనం పాత చెక్కకు ఎక్కువ హాని చేస్తుంది. పైకి గట్టిగా కనిపించే దూలం లోపల చెదలు తిని ఉండవచ్చు. ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా రెండు ఇనుప ఛానెళ్లు వేసి, వాటి కొసలను గోడల్లో సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, యూనిట్‌ను వాటికి వేలాడదీయించండి.

పెంకుల కింది అటక ఎండవేళ పొయ్యిలా కాగుతుంది. ఆ గాలిని యూనిట్ లాక్కుంటే ఎన్ని టన్నులు పెట్టినా గది చల్లబడదు. గాలి లాగే జాలీ నుంచి యూనిట్ దాకా రేకు డక్ట్ కట్టించి, అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయించాలి. అటక ఖాళీనే గాలి దారిగా వాడుకోవడం మీ ఇంటికి పనికిరాదు. పెంకుల సందుల్లోంచి రాలే దుమ్ము, ఎలుకలు, పిల్లులు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. ఎలుకలకు నల్లని రబ్బరు ఇన్సులేషన్ అంటే మహా ఇష్టం. దానిని కొరికేసిన చోట రాగి గొట్టం చెమర్చి అటక చెక్కల మీద నీరు కారుతుంది. ఇన్సులేషన్ మీద గట్టి టేపు చుట్టించి, తీగలన్నిటినీ గొట్టాల్లో నడిపించండి.

ఒక జాగ్రత్త తప్పకుండా పాటించండి. ఇప్పుడు ఇళ్లకు అమ్మే ఏసీలలో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాసు స్వల్పంగా మండే స్వభావం గలది. గ్యాసు పరిమాణాన్ని బట్టి గది కనీస వైశాల్యం ఎంత ఉండాలో ఇన్‌స్టలేషన్ పుస్తకంలో పట్టిక ఇస్తారు. మెకానిక్‌ను మీ గదికి ఆ పట్టిక చూపించమనండి. అటకలో రాగి గొట్టాలకు అతుకులు లేకుండా ఒకే పొడవుగా తెచ్చి, అతుకులు అవసరమైతే ఇంటి బయట పెట్టించండి. ఎండిన చెక్క మధ్య మంట పెట్టి గొట్టాలు అతికే పని జరగకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ జిల్లాలో ఎన్నో కప్పులను ఎగరగొట్టింది. పెంకులు లేచిన రాత్రి తడిసేది మొదట ఈ యూనిట్టే కనుక దాని పైన వాలుగా ఒక రేకు కప్పు వేయించడం మంచిది.

ప్రశ్న: రాయగడలో మా ఫ్లాటులో స్నానాల గది అటక మీద ఒకటిన్నర టన్నుల కప్పు యూనిట్ ఉంది. వర్షాకాలంలో గాలి వచ్చే జాలీ నుంచి చుక్కలు పడుతున్నాయి. ఎప్పుడూ ఈల వంటి శబ్దం వస్తోంది. గ్యాసు నింపాలని మెకానిక్ అంటున్నాడు. — ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: గ్యాసు జోలికి పోకముందు మూడు విషయాలు చూడండి. చుక్క ఎక్కడ పుడుతోందో టార్చి లైటు వేసి గమనించండి. జాలీ అంచుల వెంట ముత్యాల్లా పట్టి రాలుతుంటే అది ట్రే నీరు కాదు, జాలీకి పట్టిన చెమట. జాలీకీ సీలింగ్‌కూ మధ్య సందు ఉండి, తడి గాలి ఆ సందులోంచి వచ్చి చల్లని లోహాన్ని తాకినప్పుడు ఇలా జరుగుతుంది. సందును ఫోమ్ పట్టీతో మూసి, 18 డిగ్రీలకు బదులు 24 లేదా 25 డిగ్రీలు పెట్టి, ఫ్యాను వేగాన్ని ఒక మెట్టు పెంచితే చాలా వరకు తగ్గుతుంది. వర్షాకాలపు సాయంత్రాల్లో కిటికీలు తెరిచి ఉంచి ఏసీ వేసే అలవాటు ఉంటే మానుకోవాలి.

నీరు ధారగా ఒకే మూల నుంచి కారుతుంటే ట్రే నిండి పొర్లుతున్నట్టే. డ్రెయిన్ మూతి దగ్గర జిగురులాంటి పాచి పేరుకొని ఉంటుంది. సర్వీసు సమయంలో దానిని తీసి, పైపులోకి ఒత్తిడితో నీరు కొట్టించాలి. యూనిట్ ఒక పక్కకు ఒరిగి, నీటి మూతి ఉన్న కొస పైకి లేచిందేమో కూడా చూడాలి. రబ్బరు బుష్‌లు కుంగితే అలా జరుగుతుంది.

ఇక ఈల. మీరు పంపిన ఫోటోలో గాలి లాగే జాలీ అడుగు వెడల్పు, అడుగు ఎత్తు మాత్రమే ఉంది. ఒకటిన్నర టన్నులకు 600 ఘనపుటడుగుల గాలి కావాలి. పట్టీలు పోగా ఆ జాలీలో నిజంగా ఖాళీగా ఉండేది పది వంతుల్లో ఏడు వంతులే. గాలి అందులో నిమిషానికి 850 అడుగుల వేగంతో దూరుతోంది. దానిని 400 కిందికి తేవాలి. 24 అంగుళాలు, 14 అంగుళాల జాలీ పెడితే ఈల పోతుంది. కాయిల్‌కు గాలి చాలినంత అందుతుంది కనుక మంచు పట్టడం, ఆ మంచు కరిగి పొర్లడం కూడా ఆగుతాయి. ఆ మంచును చూసే చాలామంది గ్యాసు తక్కువైందని అనుకుంటారు. జాలీ మార్చాక కూడా మంచు పడితే అప్పుడు గ్యాసు ఒత్తిడి చూసే గేజి పెట్టించండి. గ్యాసు నిజంగా తగ్గి ఉంటే లీకు ఎక్కడుందో కనిపెట్టి మూయకుండా నింపడానికి అంగీకరించవద్దు. మరొక మాట: మీ అటక స్నానాల గది పైనే ఉంది కాబట్టి అటక అడుగున ఉన్న రంధ్రాలన్నీ మూసి ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడి ఆవిరి యూనిట్‌లోకి పోతుంటే మిగతా జాగ్రత్తలు ఏవీ నిలబడవు.

ప్రశ్న: జయపురంలో మా హాలు 11 అడుగుల చదరం. ఫాల్స్ సీలింగ్ ఇదివరకే ఉంది, దాని లోపల 5 అంగుళాల ఖాళీ మాత్రమే ఉంది. మధ్యలో నాలుగు వైపులా గాలి వచ్చే కేసెట్ ఏసీ పెట్టుకోవచ్చా? — ఒక పాఠకుడు, కోరాపుట్ జిల్లా

సమాధానం: వీలుపడదు. చిన్న కేసెట్ల పెట్టె కూడా రెండడుగుల చదరంలో ఇమిడినా దాదాపు 10 అంగుళాల ఎత్తు ఉంటుంది. దానికోసం సీలింగ్ మొత్తాన్ని మరో ఆరేడు అంగుళాలు దింపడం ఇంత చిన్న హాలుకు నేను సూచించను. పైగా 121 చదరపు అడుగుల గదిలో నాలుగు వైపులా విసిరే గాలి గోడలకు తగిలి కూర్చున్నవారి మెడల మీదికే తిరిగి వస్తుంది. ఒక వైపుకే గాలి వదిలే పలుచని కేసెట్లు కొన్ని 5 నుంచి 7 అంగుళాల ఎత్తులో దొరుకుతాయి. వాటికి గోడ పక్కన రెండు మూడు అడుగుల మేర మాత్రమే సీలింగ్‌ను దింపి పట్టీలా చేయవచ్చు. వాటికి చాలా వరకు నీటిని ఎత్తి పోసే పంపు లోపలే ఉంటుంది. అది నడుస్తున్నప్పుడు వచ్చే చిన్న గురగుర మీకు ఇబ్బందో కాదో దుకాణంలో నడుస్తున్న యూనిట్ కింద నిలబడి విని నిర్ణయించుకోండి. మీ ఊరు కొండల మీది పీఠభూమిలో ఉన్నందున రాత్రులు బరంపురం అంత ఉక్కగా ఉండవు. గోడ మీద చోటు ఉంటే ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్‌తో హాలు హాయిగా ఉంటుంది, ఇప్పుడున్న సీలింగ్‌ను ముట్టుకోవలసిన పనీ ఉండదు.